పెన్నలో పడవ దించాలంటే

మా బావ పోయినేడు మహారాష్ట్రలోని కోలాడ్‌లో రాఫ్టింగ్ (ఉరకలేసే నదిలో రబ్బరు పడవ మీద పోవడం) చేసొచ్చాడు. అప్పటి నుంచి ఒకటే పోరు, పెన్న పక్కన పుట్టి మహారాష్ట్ర దాకా పోవడమేందిరా అని. సరే, గాలి కొట్టి నింపే కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఒకటి డిక్కీలో వేసుకుని నెల్లూరు నుంచి సోమశిల దాకా రెండు రోజులు దిగే రేవు కోసం వెతికాం.

ముందే చెబుతున్నా, కోలాడ్ ఉధృతి ఇక్కడ ఆశించొద్దు. అక్కడ కరెంటు తయారయ్యాక వదిలిన నీళ్లు కుండలిక నదిలో పొద్దున పూట రాళ్ల మీద దూకుతూ వస్తాయి, ఆ టైమును బట్టే పడవలు దించుతారు. మనది ఇసుక నది. 78 టీఎంసీలు పట్టే సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తితే వరద, మూస్తే సన్నటి పాయలు. గేట్లు ఎత్తినప్పుడు గట్టు దగ్గరికే పోకూడదు, 2021 నవంబరు వరద చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నెల్లూరులో రంగనాయకుల గుడి దగ్గర సాయంత్రం చూడ్డానికి బ్రహ్మాండం, నీళ్లలో కాలు పెట్టాలంటే మాత్రం మనసొప్పలేదు. సంగం బ్యారేజీ (2022లో ప్రారంభించారు) మీద నుంచి ఫొటోలు బాగా వస్తాయి, అంతే. దాని కింద ఎవరూ దిగొద్దు. బ్యారేజీ మీంచి పడ్డ నీళ్లు మళ్లీ వెనక్కే తిరుగుతాయి, ఈత వచ్చినవాణ్ణి కూడా అక్కడే తిప్పుతాయి, పైనుంచి చూస్తే నురగ తప్ప ఏమీ కనపడదు.

మాకు నచ్చింది జొన్నవాడ. అమ్మవారి గుడి దగ్గర మెట్లున్నాయి, టీ దొరుకుతుంది, నెల్లూరు నుంచి ఆటో వస్తుంది. ఒక ముప్పావు గంట తెడ్డు వేశామో లేదో, వల సర్దుకుంటున్న పెద్దాయన కేకేశాడు. "ఆ పక్కకి పోబాకబ్బయా, ఇసుక తీసిన గుంతలుండాయి." మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగు వేస్తే మనిషి మునిగేంత లోతంట.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. నదిలోకి దారి లేక కాదు, టిప్పర్లు దిగడానికి చక్కటి ర్యాంపులున్నాయి. ఒకచోట (పేరెందుకులే) కాపలా మనిషి మమ్మల్ని ఆపి, పర్మిషన్ ఎవరిస్తారో కూడా చెప్పకుండా పొమ్మన్నాడు. జనం దిగడానికి ఒక్క రేవు, గుంతలున్న చోట ఎర్రజెండా, గేట్లు ఎత్తే ముందు సైరన్‌తో పాటు ఫోనుకో మెసేజీ, ఇంతకన్నా ఏం అడుగుతున్నాం?

బస సంగతి: లాడ్జీలో రూము 1,400, ఏసీ మోత రాత్రంతా. రెండో పూట చేపల పులుసు తిన్నాక ఆ కోపం పోయింది. లైఫ్ జాకెట్లు మీరే తెచ్చుకోండి, మాకు అద్దెకెక్కడా దొరకలేదు. వానలు తగ్గాక, జనవరిలో అయితే నయం.

కయాక్‌కి పడ్డ ఒకే ఒక్క చిల్లు నదిలో పడలేదు, ఒడ్డున పగిలిన బీరు సీసా మీద పడింది. బుచ్చిలో (బుచ్చిరెడ్డిపాలెం) సైకిల్ షాపాయన 50 తీసుకుని అతుకేసి, ఈసారి తననీ ఎక్కించుకుంటారా అన్నాడు.