లాడిల్ అడుగున పోరస్ ప్లగ్: ఎవరు కొనాలి, ఎవరికి వద్దు

టన్ను లాడిల్ (కరిగిన లోహాన్ని పట్టే పాత్ర) అడుగున బిగించి, కరిగిన ఇనుములోకి నైట్రోజన్ ఊదే పోరస్ ప్లగ్ (సన్న రంధ్రాలున్న బిరడా) ఇది. క్యూపోలా (కోక్‌తో ఇనుము కరిగించే కొలిమి) లోహంతో ఎస్‌జీ ఐరన్ (మెగ్నీషియం వేసి గ్రాఫైట్‌ను గుండ్రంగా మార్చిన పోత ఇనుము) పోసే ఫౌండ్రీలు తప్పక కొనాలి. గ్రే ఐరన్ (గ్రాఫైట్ రేకులుగా ఉండే మామూలు పోత ఇనుము) ఒక్కటే పోసేవాళ్లకు అక్కర్లేదు.

అసలు పని గంధకంతో. కోక్ నుంచి దిగే గంధకం వల్ల క్యూపోలా లోహంలో అది 0.08 శాతం దాటడం మామూలే. గంధకం మెగ్నీషియంను తినేస్తుంది కాబట్టి మెగ్నీషియం వేసేముందు 0.015 లోపుకు దించాలి. కాల్షియం కార్బైడ్‌ను ఊరికే పైన చల్లితే తేలిపోయి అక్కడే ఉంటుంది. బుడగలు లోహాన్ని కిందికీ మీదికీ తిప్పితేనే అంతటికీ తగులుతుంది. టన్నుకు 8 నుంచి 10 కిలోల కార్బైడ్, నాలుగైదు నిమిషాల ఊదుడు సరిపోతుంది. గంధకం 0.08 నుంచి 0.01కి దిగిందంటే టన్నుకు అర కిలోకు పైగా మెగ్నీషియం మిగిలినట్టే. 5.5 శాతం మెగ్నీషియం ఉన్న అల్లాయ్ వాడుతూ రికవరీ (లోహంలో నిలిచే మెగ్నీషియం వాటా) సగం అనుకుంటే, అది దాదాపు 19 కిలోల అల్లాయ్. ప్లగ్ ఖర్చు ఇక్కడే తిరిగొస్తుంది. డ్రాస్ (పైన తేలే మడ్డి) కూడా బాగా తగ్గుతుంది.

నైట్రోజన్ ఊదితే పోతల్లో ఫిషర్లు (పగుళ్లు) వస్తాయని చాలామంది భయపడతారు. కార్బన్, సిలికాన్ ఎక్కువున్న లోహం నైట్రోజన్‌ను పెద్దగా పట్టుకోదు. ఆ ముప్పు ఎక్కువగా స్టీలు స్క్రాప్, నాసిరకం కార్బురైజర్ (కార్బన్ పెంచే పొడి), అచ్చుల ఇసుకను అతికించే యూరియా ఉన్న రెజిన్ల నుంచి వస్తుంది. లోహంలో నైట్రోజన్ 100 పీపీఎం దాటితే మందమైన భాగాల్లో పగుళ్లలాంటి రంధ్రాలు పడతాయి. గ్యాస్ మాత్రం పొడిగా ఉండాలి. తేమ ఉంటే హైడ్రోజన్ చేరి పిన్‌హోల్స్ (సూదిమొన రంధ్రాలు) తెస్తుంది.

గ్రే ఐరన్‌కు ఎందుకు వద్దంటే, ఎక్కువసేపు ఊదితే గ్రాఫైట్ పుట్టడానికి ఆధారమైన సూక్ష్మకణాలు పైకి కొట్టుకుపోతాయి. గంధకం 0.05 కన్నా తగ్గితే ఇనాక్యులెంట్ (గ్రాఫైట్ పుట్టేలా చివర్లో వేసే మిశ్రమం) కూడా సరిగా పనిచేయదు. పలచని అంచులు తెల్లగా, గట్టిగా వచ్చి మెషినింగ్‌లో టూల్స్ తింటాయి. ఎస్‌జీలో కూడా ఊదిన ప్రతి లాడిల్‌కూ చిల్ టెస్ట్ (చిన్న ముక్క పోసి, విరిచి తెల్లబడిందేమో చూడటం) చూసి, చివర్లో ఇనాక్యులేషన్ బాగా ఇవ్వాలి. మెగ్నీషియం వేశాక ఇక గట్టిగా ఊదకూడదు, ఫేడింగ్ (మెగ్నీషియం ప్రభావం తగ్గిపోవడం) పెరుగుతుంది.

వేడి నష్టం దీని పెద్ద లోపం. 1500 డిగ్రీల దగ్గర ట్యాప్ చేయకపోతే పోసే వేళకు లోహం చల్లబడి మిస్‌రన్ (అచ్చు పూర్తిగా నిండకపోవడం) వస్తుంది. లాడిల్ ఎర్రగా కాగి ఉండాలి, పైన మూడో వంతు ఖాళీ ఉంచాలి.

గ్యాస్‌ను ట్యాపింగ్‌కు ముందే తెరిచి, లాడిల్ ఖాళీ అయ్యేదాకా సన్నగానైనా నడపాలి. మధ్యలో ఆపితే లోహం రంధ్రాల్లోకి దిగి గడ్డకడుతుంది, ఆ ప్లగ్ ఇక పనికిరాదు. ప్లగ్ చుట్టూ ర్యామింగ్ (దట్టించిన వేడి తట్టుకునే మసాలా) వదులైతే గ్యాస్ పక్కనుంచి పోతుంది, దాని వెంట లోహం దిగుతుంది. చల్లగా ఉన్నప్పుడే సబ్బునీళ్లతో పరీక్షించి, పూర్తిగా ఆరబెట్టాకే కాల్చాలి.

కార్బైడ్ స్లాగ్‌కు నీళ్లు తగిలితే అసిటిలీన్ వస్తుంది. పొడి చోట, గాలి ఆడేలా, విడిగా పోయించాలి.