1:16 ట్విస్ట్ బారెల్: బెంగళూరు రేంజ్‌లో ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

50 మీటర్ల టార్గెట్ షూటింగ్‌కి పాయింట్ టూటూ (0.22 అంగుళాల) రైఫిల్ కొనాలనుకుంటే 1:16 ట్విస్ట్ బారెల్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. చాలా ఏళ్లుగా అదే వాడుతున్నాను, మార్చాలని ఎప్పుడూ అనిపించలేదు. దానితో కుదరని పనులు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచాక, మా రేంజ్‌కి వచ్చే తెలుగు కుర్రాళ్లు ఈ ఆట గురించి గట్టిగానే అడుగుతున్నారు. వాళ్లలో ఒకడు మొన్న, "అన్నా, ట్విస్ట్ ఎంత ఫాస్ట్‌గా ఉంటే బుల్లెట్ అంత స్టేబుల్ కదా, 1:12 దొరికితే తీసుకోనా?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

బారెల్ లోపల బుల్లెట్‌ని తిప్పే మెలికల గాళ్లు ఉంటాయి, వాటి మెలికే ట్విస్ట్. 1:16 అంటే బారెల్లో 16 అంగుళాలు సాగేసరికి బుల్లెట్ ఒక చుట్టు తిరుగుతుంది. రెండో అంకె ఎంత తగ్గితే ట్విస్ట్ అంత ఫాస్ట్. సెకనుకు 1,070 అడుగుల వేగంతో బయటికొచ్చే మామూలు టార్గెట్ బుల్లెట్ సెకనుకు దాదాపు 800 చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడే దాని ముక్కును ముందుకు నిలిపి ఉంచుతుంది. అది చాలకపోతే గాలి ముక్కును పక్కకు తోసేస్తుంది. బుల్లెట్ ఎంత పొడవుంటే ఆ తోపు అంత ఎక్కువ. ట్విస్ట్‌ను ముందుగా నిర్ణయించేది పొడవే, బరువు కాదు. ఒకే బరువున్న సీసం బుల్లెట్‌నీ రాగి బుల్లెట్‌నీ పక్కపక్కన పెడితే రాగిదే పొడవు, ఎందుకంటే రాగి సాంద్రత తక్కువ. కాబట్టి దానికి ఫాస్ట్ ట్విస్ట్ కావాలి.

ఈ లెక్కను 1879లోనే ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో గణితం బోధించే జార్జ్ గ్రీన్‌హిల్ ఫిరంగి గుండ్ల కోసం కట్టాడు. బుల్లెట్ వ్యాసాన్ని దానితోనే గుణించి, మళ్లీ 150తో గుణించి, పొడవుతో భాగిస్తే కావాల్సిన ట్విస్ట్ అంగుళాల్లో వస్తుంది. సీసం బుల్లెట్లకు ఇది బాగా పనిచేస్తుంది. నేను వాడే 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) బుల్లెట్‌ని వెర్నియర్‌తో కొలిస్తే పొడవు 0.46 అంగుళాలకు దగ్గరగా వచ్చింది, వ్యాసం 0.223. లెక్క వేస్తే 16.2. నూట నలభై ఏళ్లు దాటిన సూత్రం నా చేతిలోని రైఫిల్‌తో ఇంత చక్కగా సరిపోవడం చూసి ఎంత ముచ్చటేసిందో!

రైఫిల్ కొనే ముందు బారెల్‌ని మీరే కొలవండి. కంపెనీ కాగితం మీద ఉన్న అంకెకీ అసలు ట్విస్ట్‌కీ కాస్త తేడా ఉండొచ్చు. ముందు బోల్ట్ తీసేసి చాంబర్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడాలి. పిడి బేరింగ్ మీద స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కి బిగుతైన ప్యాచ్ (గుడ్డముక్క) పెట్టి లోపలికి తొయ్యండి. రాడ్ మీద ఒక చిన్న టేప్ ముక్కను జెండాలా అతికించి, అది నిటారుగా ఉన్న చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. నెమ్మదిగా తోస్తూ ఉంటే జెండా పక్కకు ఒరిగి, కిందికి దిగి, మళ్లీ పైకొస్తుంది. నిటారుగా నిలవగానే రెండో గీత. రెండు గీతల మధ్య దూరమే ట్విస్ట్. ప్యాచ్ వదులుగా ఉంటే జారిపోయి తప్పు అంకె వస్తుంది, అందుకే రెండు మూడుసార్లు చేయడం మంచిది.

స్టెబిలిటీ సరిగ్గా ఉందా లేదా అన్నది టార్గెట్ కార్డే చెబుతుంది. నా కార్డుల మీద రంధ్రాలు గుండ్రంగా, అంచు చుట్టూ నల్లటి సన్నని వలయంతో ఉంటాయి. ఆ వలయం ఒక పక్కకే మందంగా ఉన్నా, రంధ్రం కోలగా సాగినా బుల్లెట్ ఒరిగి తగులుతోందని అనుమానించాలి. 60 గ్రెయిన్ల పొడవాటి పాయింట్ టూటూ బుల్లెట్లకు 1:9 లాంటి ట్విస్ట్ కావాలి. 1:16లో అవి అడ్డంగా వెళ్లి తగులుతాయి. అలాంటివి కాల్చాలనుకునేవాళ్లకు ఈ బారెల్ పనికిరాదు.

మరి ఫాస్ట్ ట్విస్ట్ ఎందుకు వద్దు? ఏ బుల్లెట్ బరువూ నూటికి నూరు పాళ్లు మధ్యలో ఉండదు. అవసరానికి మించి తిప్పితే ఆ చిన్న లోపమే పెద్దదై గ్రూప్ (కార్డు మీద పడే రంధ్రాల గుంపు) విచ్చుకుంటుంది. రైఫిల్‌ని బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ వాళ్లు 6 పీపీసీ అనే తూటాలో పొట్టి బుల్లెట్లకు 1:14 దాకా స్లో ట్విస్ట్ వాడేది అందుకే. 50 మీటర్ల కార్డు మీద పది రింగ్ వ్యాసం 10.4 మిల్లీమీటర్లే, అక్కడ ఏ కాస్త తేడా అయినా పాయింట్లు పోతాయి.

హై వెలాసిటీ తూటాలతో గ్రూప్ చెదిరిందని బారెల్‌ని తిట్టేవాళ్లున్నారు. ఆ తూటా ధ్వని వేగాన్ని దాటి బయల్దేరి, దారిలో మళ్లీ దానికంటే కిందికి దిగుతుంది. ఆ దిగేచోట బుల్లెట్ కుదుపుకు లోనవుతుంది. ట్విస్ట్ మారిస్తే తీరే సమస్య కాదది. ధ్వని వేగాన్ని దాటని సబ్‌సోనిక్ టార్గెట్ తూటాలకు మారితే చాలు.

గాలి సంగతీ చెప్పాలి. దట్టమైన చల్లని గాలిలో స్టెబిలిటీ తగ్గుతుంది. అమెరికా సైన్యం వాడిన ఎమ్16 రైఫిల్ మొదట 1:14తో వచ్చి, గడ్డకట్టే చలిలో గురి చెడటంతో 1:12కి మారింది. తర్వాత వెలుగుతూ దారి చూపే పొడవాటి ట్రేసర్ బుల్లెట్ కోసం ఎమ్16ఏ2లో 1:7 అయింది. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడి గాలి చెన్నైకంటే పలుచన, అంటే స్టెబిలిటీకి మనకు కొంచెం మేలే. పోటీలకని చెన్నై వెళ్లి కాల్చినప్పుడు మాత్రం ఇదే బారెల్‌తో కార్డు మీద తేడా ఏమీ కనిపించలేదు. అక్కడ ఇబ్బంది పెట్టేది చెమట, సముద్రపు గాలి.

ఎప్పటికైనా 300 మీటర్లకు వెళ్లాలనుకుంటే లెక్క మారుతుంది. 6 మిల్లీమీటర్ల 105 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్లకు 1:8 వాడతారు. అప్పుడు గ్రీన్‌హిల్ బదులు వేగాన్నీ గాలినీ కలుపుకునే మిల్లర్ సూత్రం వేసి, స్టెబిలిటీ అంకె 1.5 దగ్గర ఉండేలా చూసుకోండి. 1 కంటే తగ్గితే బుల్లెట్ నిలబడదు. 50 మీటర్లకే అయితే 1:16 తీసుకుని, మిగిలిన డబ్బుతో నాలుగైదు లాట్ల (ఒకే విడతలో తయారైన బ్యాచ్‌ల) తూటాలు కొని, మీ బారెల్‌కి ఏది నప్పుతుందో కాల్చి చూడండి. నా రైఫిల్లో లాట్ మారితే వచ్చే తేడా మరి దేనివల్లా రాలేదు.