సైగాన్‌లో ఒక్కరోజే ఉంటే: సొరంగాలా, మ్యూజియమా, ప్యాలెసా?

వియత్నాంలోని హో చి మిన్ సిటీ (పాత పేరు సైగాన్) వెళ్తున్నామంటే అందరూ ఇచ్చే సలహా ఒకటే: "కూచీ సొరంగాలు మాత్రం మిస్ కావద్దు." మేమూ అలాగే పొద్దున సొరంగాలు, మధ్యాహ్నం వార్ రెమ్నెంట్స్ మ్యూజియం కలిపిన ప్యాకేజీ తీసుకున్నాం. ట్రాఫిక్ దాటుకుని మ్యూజియం చేరేసరికి మాకు మిగిలింది ఒక్క గంట. పై అంతస్తులో సగం ఫొటోలు చూడకుండానే దిగాల్సి వచ్చింది. అందుకే మర్నాడు మళ్లీ వెళ్లాను.

కూచీ గొప్పదే, కాదనను. గైడ్ ఎండుటాకులు పక్కకు నెట్టి ఒక చెక్కమూత ఎత్తాడు. అన్నానికి కూర్చునే పీటంత ఉంది. అందులోకి అమెరికాతో పోరాడిన వియత్నాం గెరిల్లా ఒకడు దిగి, మూత నెత్తిన పెట్టుకుని మాయమైపోయేవాడట! ఫ్రెంచివాళ్ల కాలంలో మొదలైన తవ్వకం అమెరికాతో యుద్ధం నాటికి సుమారు 250 కిలోమీటర్లకు చేరింది. వంట పొగ ఒకేచోట లేవకుండా గదుల గుండా తిప్పి నేలకు దగ్గరగా వదిలేవారు. చివర్లో ఉడికించిన కర్రపెండలం, వేరుశనగ పొడి పెడతారు. గోదావరి జిల్లాల వాళ్లకు ఆ దుంప కొత్త కాదు గానీ, యుద్ధంలో ఆ గెరిల్లాలకు అదే అన్నమని తెలిశాక ముక్క గొంతు దిగడం కష్టమైంది.

పర్యాటకుల కోసం సొరంగాన్ని వెడల్పు చేశారు. అయినా వంగి, పాకి వెళ్లాల్సిందే. మోకాళ్ల నొప్పులున్నా, ఇరుకు చోటంటే టెన్షన్ పడేవాళ్లయినా పైనే ఉండటం మంచిది. నాకు అస్సలు నచ్చనిది ఫైరింగ్ రేంజ్. డబ్బులిచ్చి అసలు తుపాకీ కాల్చొచ్చు. అంతమంది చనిపోయిన అడవిలో ఆ చప్పుడు సరదాగా వినలేకపోయాను. రానుపోను ప్రయాణంతో కలిపి సగం రోజు పోతుంది. కూచీలో సొరంగాలు చూపించే చోట్లు రెండు: బెన్ దిన్, బెన్ దువోక్. రద్దీ వద్దనుకుంటే దూరమైనా బెన్ దువోక్ మేలు.

మ్యూజియం వేరు. ఆవరణలో హెలికాప్టర్, ట్యాంకు చూసి పిల్లలు ఫొటోలు దిగుతారు, లోపలికి వెళ్లాక ఎవరూ మాట్లాడరు. ఏజెంట్ ఆరెంజ్ (అడవుల ఆకులు రాల్చడానికి అమెరికా సైన్యం చల్లిన మందు) గదిలో ఆ రసాయనం తరాల తర్వాత కూడా పిల్లల ఒంటిమీద ఏం చేసిందో కనిపిస్తుంది. చిన్నపిల్లల్ని అక్కడికి తీసుకెళ్లొద్దు. పై అంతస్తులో, యుద్ధాన్ని ఫొటోలు తీస్తూ చనిపోయిన విలేకరుల చిత్రాలున్నాయి. 1954లో మందుపాతర పేలి చనిపోయిన రాబర్ట్ కాపా వారిలో ఒకరు. ఇరుపక్షాల ఫొటోగ్రాఫర్లకూ అక్కడ చోటుంది. మిగతా మ్యూజియం మాత్రం గెలిచిన ఉత్తర వియత్నాం కమ్యూనిస్టులు చెప్పే కథ. దక్షిణ వియత్నాం తరఫున పోరాడి ఓడినవాళ్లకు తర్వాత ఏమైందో, పడవలెక్కి పారిపోయిన లక్షల మంది గోడు ఏమిటో అక్కడ తెలియదు.

ఆ ఓడిన ప్రభుత్వం కూర్చున్న చోటే ఇండిపెండెన్స్ ప్యాలెస్. మ్యూజియం నుంచి పావుగంట నడక. 1962లో సొంత వైమానిక దళం పైలట్లే పాత భవనంపై బాంబులు వేస్తే, దాని స్థానంలో దీన్ని కట్టారు. కట్టించడం మొదలుపెట్టిన దక్షిణ వియత్నాం అధ్యక్షుడు న్గో దిన్ దియెమ్ అది పూర్తికాకముందే 1963లో హత్యకు గురయ్యారు. యుద్ధం ముగిసిన 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం సైన్యపు 390 నంబరు ట్యాంకు గేటు కూల్చుకుని లోపలికొచ్చింది. ఆవరణలో కనిపించే ట్యాంకులు ఆ రకానివే, అసలువి హనోయ్‌లో ఉన్నాయి. తప్పక చూడాల్సింది నేలమాళిగ: గోడలకు యుద్ధ పటాలు, బల్లలమీద టెలిఫోన్లు, రేడియో యంత్రాలు.

ఒక్కరోజే ఉంటే నా ఓటు మ్యూజియానికి, కనీసం మూడు గంటలు. పొద్దున్నే ప్యాలెస్ చూసి అక్కడికి నడవండి. కూచీకి ఇంకో పూట దొరికితేనే వెళ్లండి. పదేళ్లలోపు పిల్లలుంటే మాత్రం ప్యాలెస్, కూచీ చాలు.

మ్యూజియం నుంచి బయటికొచ్చాక ఓపికుంటే బౌద్ధ భిక్షువు తిచ్ క్వాంగ్ డుక్ స్మారకం దాకా నడవండి. దియెమ్ ప్రభుత్వం బౌద్ధులను అణచివేస్తోందని 1963 జూన్ 11న ఆ కూడలిలో ఆయన ఆత్మాహుతి చేసుకున్నారు. టికెట్ లేదు. నేను వెళ్లినప్పుడు విగ్రహం ముందు ఎవరో వెలిగించిన అగరొత్తులు సగం కాలి ఉన్నాయి, పక్కనుంచి బైకులు ఆగకుండా పోతున్నాయి.