ఎమ్ సైజంటే ఎంత? బట్టలు షాపులో కొనడమా, ఆన్‌లైనా, టైలరా, ఏది మేలు?

రొజొ పండగంటే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఆడపిల్లలకి కొత్త బట్టలు, ఉయ్యాలలు. పోయిన జూన్‌లో మా అమ్మాయికి ఆన్‌లైన్‌లో ఒక కుర్తీ తెప్పించాను. ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిస్తే 36 అంగుళాలు వచ్చింది, చార్టులో 36 ఎదురుగా ఎస్ అని ఉంది, అదే ఆర్డరు పెట్టాను. పండగ ముందురోజు వచ్చింది. వేసుకున్నాక పిల్ల ఉయ్యాల తాడు పట్టుకుందామంటే చేతులు పైకి లేవలేదు. నాకు చాలా బాధేసింది, కొలిచి మరీ తెప్పించానే అని.

మా టైలరు బాబాయ్ దగ్గరికి తీసుకెళ్తే ఒకటే అడిగాడు: "చార్టులో ఉన్నది ఒంటి కొలతా, గుడ్డ కొలతా అమ్మా?" అసలు సంగతి అంతా అక్కడే ఉంది. ఆ 36 కుట్టిన కుర్తీ చుట్టుకొలత. ఒళ్ళు 36 అయితే కుర్తీ కనీసం 38 ఉండాలి, ఆ రెండంగుళాల లూజు లేకపోతే చేయి ఆడదు, ఊపిరి ఆడదు. మన కుర్తీల్లో చాలావరకు 38 అంటే ఎమ్. కొన్ని కంపెనీలు మాత్రం చార్టులో ఒంటి కొలతే ఇస్తాయి, అప్పుడు 36 చూసి తీసుకోవడమే సరైనది. ఏది ఇచ్చారో చూడకుండా అంకె చూస్తే నాలాగే అవుతుంది.

మగాళ్ళ చొక్కాల్లో ఇంకో తిరకాసు. ఫార్మల్ చొక్కా మీద ఉండే 39, 40, 42 చాలా కంపెనీల్లో ఛాతీ అంగుళాలు కావు, కాలరు సెంటీమీటర్లు. 40 అంటే మెడ దగ్గర 40 సెంటీమీటర్లు, అంటే 15 ముప్పావు అంగుళాలు. మా ఆయన ఛాతీ 40 కాబట్టి 40 చొక్కా అని ఇన్నేళ్ళూ కొంటూ వచ్చాం.

సైజులకి అందరికీ ఒకే లెక్క ఎందుకు లేదంటే, అమెరికాలో 1939-40లో దాదాపు 15,000 మంది ఆడవాళ్ళని కొలిచి, తర్వాత 1958లో ఒక ప్రమాణం తెచ్చారు, 1983లో దాన్ని తీసేశారు. కంపెనీలు ఎవరికి వాళ్ళు గీత గీసుకున్నారు. మన దేశంలో చాలా కంపెనీలు ఆ అమెరికా, బ్రిటన్ చార్టులనే కాస్త సర్ది వాడుతూ వచ్చాయి. అందుకే మన కొలతల కోసం నిఫ్ట్ (ఫ్యాషన్ చదువుల జాతీయ సంస్థ) వాళ్ళు 25 వేల మందిని స్కానర్లతో కొలిచే సర్వే పెట్టుకున్నారు, అందులో హైదరాబాదు కూడా ఉంది.

ఇక మూడింట్లో ఏది మేలంటే, చొక్కాలు, ప్యాంట్లు షాపులోనే కొనమంటాను, ఇక్కడైనా పాతపట్నంలో అయినా. ప్యాంటు మీద 34 అని ఉన్నా టేపు పెడితే 36 వచ్చేవి ఉన్నాయి, కూర్చుని చూస్తే గానీ తెలియదు. వేసుకున్నాక చేతులు ముందుకి చాచాలి, కిందకి వంగాలి, అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు. ట్రయల్ రూము లేని షాపైతే ఇంటి నుంచి సరిపోయే చొక్కా ఒకటి పట్టుకెళ్ళి కొత్తదాని మీద పరిచి చూసుకోండి.

ఆన్‌లైన్‌లో రకాలు ఎక్కువ, మాలాంటి ఊళ్ళకి అదే పెద్ద సుఖం, కాదనను. కానీ ఒంటిని కొలిచి కొనకండి. బాగా సరిపోయే పాత కుర్తీని మంచం మీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంకకి కొలిచి రెట్టింపు చేయండి. 19 వస్తే 38. దాన్ని గుడ్డ కొలతతో పోల్చుకోండి. చార్టులో గుడ్డ కొలత ఇవ్వకపోతే నేనైతే కొనను. కాటన్ అయితే మొదటి ఉతుకులో నూటికి మూడు వంతులు కుంచించుకుపోయినా 40 అంగుళాల దాంట్లో అంగుళం పైనే పోతుంది, అదీ లెక్కలో వేసుకోండి.

జాకెట్టుకి మాత్రం టైలరే, ఇందులో నాకు రెండో మాట లేదు. బరంపురం పట్టుచీరకి సైజంటూ లేదు, దాని మీది జాకెట్టుకి మాత్రం భుజం, చంక, చెయ్యి, మెడ, పొడవు అన్నీ విడివిడిగా కావాలి. 36 ఛాతీ ఉన్న ఇద్దరికి భుజాలు ఒకేలా ఉండవు, రెడీమేడ్‌లో ఛాతీ పెరిగితే భుజం కూడా దాంతోపాటే పెరుగుతుంది. టైలరు లోపల గుడ్డ వదులుతాడు, ఒళ్ళు మారితే కుట్టు విప్పుకోవచ్చు. మా అమ్మాయి కుర్తీ పక్కలు విప్పిస్తే అర అంగుళం కూడా దొరకలేదు. ఆది జాకెట్టు ఇచ్చినా కొత్తగా ఓసారి కొలవమనండి, ఆది మూడేళ్ళ కిందటిదైతే కొలతలూ మూడేళ్ళ కిందటివే. కాటన్ గుడ్డ తడిపి ఆరేసి ఇవ్వండి. పండగ రద్దీలో మాత్రం నెల ముందే ఇవ్వాలి.

పిల్లల బట్టలు షాపులోవే చాలు, ఎలాగూ ఏడాదికి మారిపోతారు. చీటీ మీద వయసు 4-5 ఏళ్ళు అని ఉన్నా ఎత్తు చూసి కొనండి. మా అప్ప మనవడికి నాలుగు నిండలేదు, ఆరేళ్ళవి పడుతున్నాయి.