కంటి నరానికి కరెంటు పెట్టే మెషిన్ కొనబోతున్నారా? ముందు మా నాన్న సంగతి వినండి

నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల ఎవరింట్లోనైనా కంటి వెనక రక్తనాళం మూసుకుపోయిందని డాక్టర్ చెప్పి ఉంటే ఇది మీకోసమే. కంటికి సన్నగా కరెంటు ఇచ్చి చూపు తెప్పిస్తామంటూ కల్యాణమండపాల్లో క్యాంపులు పెట్టి ఒక మెషిన్ అమ్ముతున్నారు. మేం 38,000 రూపాయలు పోసి కొన్నాం. మీరు కొనొద్దు.

మా నాన్నది పొదలకూరులో నిమ్మకాయల వ్యాపారం. వయసు 63. బీపీ ఉంది, మాత్ర మాత్రం గుర్తొచ్చిన రోజే వేసుకుంటాడు. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు పొద్దున్నే కాయలు ఏరుతూ, "రేయ్, ఈ తక్కెడ కడ్డీ వంగిందేందిరా?" అన్నాడు. కడ్డీ బాగానే ఉంది. ఒక్కో కన్ను మూసి చూడమన్నాను. ఎడమ కంటికి అంతా సరిగ్గానే ఉంది. కుడి కంటికి కాయల కుప్ప కింది సగం మంచు పట్టినట్టు, కడ్డీ నడిమధ్యలో వంపు తిరిగినట్టు కనపడుతోందట. నొప్పి లేదు, ఎరుపు లేదు. అదే తగ్గుతుందిలే అని వారం రోజులు ఊరుకున్నాం. ఆ తప్పు మాదే.

తర్వాత నెల్లూరు పొగతోటలో కంటి డాక్టరమ్మకు చూపించాం. చుక్కలు వేసి, కంటి లోపలి పొరలను చూపే ఓసీటీ స్కాన్ తీసి, తెరమీద చూపిస్తూ చెప్పింది: రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర) నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్ళే సిర ఒక కొమ్మ దగ్గర మూసుకుంది, అందువల్ల నీరు, రక్తం బయటికి ఊరి చూపుకు కీలకమైన మాక్యులా వాచింది. నెలకొకటి చొప్పున ముందు మూడు ఇంజెక్షన్లు, ఆ తర్వాత స్కాన్ చూసి ఇంకా కావాలో వద్దో చెప్తానంది. ఇంజెక్షన్ చేతికి కాదు, కంట్లోకి. ఆ మాట వినగానే నాన్న కుర్చీలోంచి లేచి చెప్పులేసుకున్నాడు.

సరిగ్గా ఆ భయం మీదే మా పిన్ని పంపిన వాట్సాప్ వీడియో వచ్చి పడింది. "సూది లేదు, కోత లేదు, కంటి నరం మళ్ళీ లేస్తుంది."

ఇక్కడ ఒక మాట. మన వాడుకలో సిర కూడా నరమే, రక్తాన్ని తెచ్చే ధమని కూడా నరమే, మెదడుకు కబురు మోసే నాడి కూడా నరమే. ఈ మెషిన్ వ్యాపారమంతా ఆ ఒక్క మాటలో ఉన్న గందరగోళం మీదే నడుస్తోంది. క్యాంపులో తెల్లకోటు వేసుకున్నతను నాన్న భుజం మీద చెయ్యేసి, "నరం నిద్రపోయింది పెద్దాయనా, కరెంటు తగిలితే అదే లేస్తుంది" అన్నాడు. వినడానికి ఎంత బాగుందో! కాకపోతే నాన్నకు మూసుకుపోయింది రక్తం పారే గొట్టం. కాలవకు పూడిక అడ్డం పడితే పక్కన కరెంటు తీగ పెట్టి ప్రయోజనం ఏముంటుంది? ఈ ప్రశ్న ఆ రోజు నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు.

రుజువుగా లామినేషన్ చేసిన కాగితం ఒకటి చూపించారు, జపాన్ పరిశోధన అని. ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను కాబట్టి, డబ్బు పోయాక తీరిగ్గా ఫార్మసీ చదివిన మా బావ చేత చదివించుకున్నాను. పరిశోధన నిజమే. 2007లో జపాన్ కంటి డాక్టర్లు కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద ఎలక్ట్రోడ్ పెట్టి సన్నని కరెంటు ఇచ్చి చూశారు. ఎంతమందికి? ముగ్గురికి. వాళ్ళకు మూసుకుపోయింది ధమని, నాన్నలాగా సిర కాదు. అదీ అడ్డం తొలగించడానికి చేసింది కాదు. రక్తం అందక దెబ్బతిన్న రెటీనా కణాలు ఏమైనా తేరుకుంటాయేమోనని చూశారు. తర్వాత జర్మనీలో కూడా కొద్దిమంది మీద ప్రయత్నాలు జరిగాయి. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వేరే జబ్బుకు ఐరోపాలో ఇలాంటి పరికరం ఒకటి అనుమతితో వాడుతున్నారు కూడా. అంటే కంటికి కరెంటు అనే ఆలోచన పుక్కిటి పురాణమేమీ కాదు. ఆస్పత్రిలో, డాక్టర్ చేతిలో, కొలిచి ఇచ్చే ప్రయోగం అది. దాని పేరు చెప్పి మాకు అంటగట్టిన సరుకు వేరు.

సరుకేమిటంటే, సెల్‌ఫోనంత డబ్బా, నల్ల కళ్ళజోడు, కణతలకు అతికించే రెండు జిగురు ప్యాడ్లు. రోజుకు రెండుసార్లు, అరగంట చొప్పున, 90 రోజులు పెట్టుకోమన్నారు. మా వీధిలో టీవీలు బాగుచేసే అన్న విప్పి చూసి నవ్వాడు. మోకాళ్ళ నొప్పులకు చర్మం మీద సన్నగా కరెంటు ఇచ్చే టెన్స్ మెషినే, దానికి ఒక కళ్ళజోడు తగిలించారంతే. టెన్స్ ప్యాడ్లు కళ్ళ మీద పెట్టకూడదని, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు అసలు వాడకూడదని ఆ మెషిన్లతో వచ్చే కాగితాల్లోనే రాసి ఉంటుంది. మాకిచ్చిన డబ్బాలో కాగితమే లేదు. వైద్య పరికరం మీద తయారీ లైసెన్సు నంబరో, దిగుమతి లైసెన్సు నంబరో ఉండాలి. అదీ లేదు.

నాన్నను పూర్తిగా నమ్మించింది మెరుపులు. ప్యాడ్లు పెట్టుకుని బటన్ నొక్కగానే, "వస్తున్నాయిరా, మిణుగురుల్లాగా కనపడుతున్నాయి, నరం లేస్తోంది" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఒకరోజు ఆయన పడుకున్నాక నేను పెట్టుకుని చూశాను (మీరు ఆ పని చెయ్యకండి). నా కళ్ళు శుభ్రంగా ఉన్నాయి, నాకూ అవే మెరుపులు వచ్చాయి. రెటీనాకు కరెంటు సోకితే ఎవరికైనా అలా కనపడుతుందట, దానికీ నయమవడానికీ సంబంధం లేదట. పైగా ఈ జబ్బులో వాపు దానంతటదే కొంత తగ్గి మళ్ళీ పెరగొచ్చు. మొదటి పది రోజులు కాస్త తేటగా ఉందన్నాడు, ఆ ఘనత మెషిన్ ఖాతాలో పడింది.

రెండు నెలలు గడిచేసరికి కుడి కంటితో ఎదుటి మనిషి మొహం పోల్చుకోలేకపోయాడు. మళ్ళీ పొగతోటకే వెళ్ళాం. వాపు పెరిగింది. డాక్టరమ్మ తిట్టలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. ఒక్కటే చెప్పింది: ఈ ఇంజెక్షన్ల మీద జరిగిన పెద్ద పరీక్షల్లో, మొదటి ఆరు నెలలు ఉత్తుత్తి సూదితో గడిపి తర్వాత అసలు మందు వేసుకున్నవాళ్ళు, మొదట్నుంచీ మందు పడినవాళ్ళంతగా తేరుకోలేదట. మాకు పోయింది 38,000 కాదు, ఆ రెండు నెలలు.

ఇంకోటి కూడా చెప్పింది, ఇది అందరికీ పనికొస్తుంది. ఒక కన్ను నొప్పి లేకుండా ఉన్నట్టుండి చీకటైపోతే అది ధమని మూసుకుపోవడం కావచ్చు. పక్షవాతం లాంటిదే, గంటల్లో పెద్దాసుపత్రికి చేరాలి. రేపు చూద్దాంలే అనుకుంటే అంతే.

డబ్బు సంగతి. బిల్లు అడిగితే "వెల్‌నెస్ సభ్యత్వం" అని రసీదు ఇచ్చారు, మెషిన్ మాటే అందులో లేదు. ఇప్పుడు ఫోన్ స్విచాఫ్. నా దగ్గర యూపీఐ చెల్లింపు, వీడియో, కాగితం ఫోటో ఉన్నాయి కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కూడా వేస్తున్నాం. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వెయ్యాలి. గుడ్డితనం, గ్లాకోమా నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం, ఆ వీడియో దానికీ పనికొస్తుందని లాయర్ అన్నారు. మీరూ కొనివుంటే ఆ వీడియోలు డిలీట్ చెయ్యకండి, డబ్బా పారెయ్యకండి.

నాన్నకు రెండు ఇంజెక్షన్లు అయ్యాయి. మత్తుచుక్కలు వేస్తారు, చిన్నగా నొక్కినట్టు ఉంటుందట, అంతే. "దీనికా నేను పారిపోయింది?" అన్నాడు బయటికొచ్చి. మూడోది వచ్చే మంగళవారం. మెషిన్ బీరువా మీద ఉంది. పక్కింటి పెద్దమ్మ తన మోకాళ్ళకు ఇమ్మని అడిగింది. కమిషన్‌కి చూపించాలి పెద్దమ్మా అని తప్పించుకున్నాను.