హైదరాబాద్‌లో వారం రోజులు: మావాళ్లు కెమెరా వైపు చూడని ఫోటోల కోసం

నాయనమ్మ పోయినప్పుడు దండ వేయడానికి ఇల్లంతా వెతికితే ఒక్క మంచి ఫోటో దొరకలేదు. చివరికి ఎవరిదో పెళ్లి గ్రూప్ ఫోటోలో వెనక వరసలో బిగుసుకుపోయి నిలబడ్డ ఆవిడ మొహాన్ని కత్తిరించి పెద్దది చేయించాం. నవ్వితే ఎలా ఉండేదో మా మేనకోడలికి చూపిద్దామంటే మా దగ్గర ఏమీ లేదు. అందుకే ఈసారి క్రిస్మస్ సెలవులకు రాజమండ్రి నుంచి తొమ్మిదిమందిమి హైదరాబాద్ బయల్దేరినప్పుడు, ఊరు చూడటం ఎలాగూ ఉంటుంది, అమ్మా నాన్నా మేనత్తా మామూలుగా ఎలా ఉంటారో అలా ఓ పది ఫోటోలు తీసుకుని రావాలని గట్టిగా అనుకున్నాను. డిసెంబర్ 26 నుంచి జనవరి 2 వరకు ఉన్నాం.

ముందు బస సంగతి. మొదటి రెండు రాత్రులు లక్డీకాపూల్ దగ్గర ఒక హోటల్లో మూడు గదులు తీసుకున్నాం. గదులు శుభ్రంగా ఉన్నాయి, టిఫిన్ బాగుంది, కానీ రెండు గదులు ఒక అంతస్తులో, మూడోది ఇంకో అంతస్తులో ఇచ్చారు. తలుపులు వేసుకుంటే ఎవరి గది వాళ్లది. అందరం కలిసేది లిఫ్ట్ దగ్గర, అదీ చెప్పులు వేసుకుని హడావిడిగా. ఆ రెండు రోజుల్లో లోపల తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదు. తర్వాత టోలీచౌకి వైపు మూడు పడగ్గదుల ఫ్లాట్ అద్దెకు తీసుకుని మారిపోయాం, అద్దె కూడా మూడు గదుల కంటే తక్కువే పడింది. గీజర్ ఒకటే పనిచేసింది, రెండోదాన్ని బాగుచేయడానికి మనిషి మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు, చలిలో పిల్లలతో అది ఇబ్బందే. అయినా మళ్లీ వెళ్తే అలాంటి ఇల్లే తీసుకుంటాను, ఎందుకంటే తూర్పు వైపు బాల్కనీ ఉంది, వంటగది ఉంది, ఏడున్నరకల్లా ఎండ హాల్లోకి వచ్చి నేల మీద పడేది. అక్కడే ఒక పొద్దున అమ్మ, మేనత్త కింద కూర్చుని పచ్చి బఠాణీలు ఒలుస్తున్నారు. మేనత్త ఏదో పాత గొడవ చెప్తోంది, అమ్మ కాయ సగం చీల్చి చేతిలో అలాగే పట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుపోయేలా నవ్వుతోంది. నేను గుమ్మం దగ్గర నేల మీదే కూర్చుని నాలుగు తీశాను. వారం మొత్తానికి ఇదే నాకు ప్రాణం.

చార్మినార్‌కు వెళ్లాలంటే పొద్దున్నే వెళ్లండి. ఆ రోజుల్లో సూర్యోదయం 6:45 ప్రాంతంలో అవుతుంది, ఏడింటికి అక్కడ ఉంటే జనం తక్కువ, పక్కనే నిమ్రా కేఫ్ దగ్గర చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. నాన్న టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగుతారు, ఎండ వెనక నుంచి వచ్చేలా నేను ఇటు పక్కకు జరిగేసరికి ఆవిరి అంతా వెలిగిపోయింది. పదకొండు దాటాక లాడ్ బజార్‌లో అడుగు తీసి అడుగు వేయలేం, కానీ గాజుల దుకాణంలో కూర్చోగలిగితే అది వేరే లోకం. దుకాణం ఆయన అమ్మ వేళ్లన్నీ ఒక్కచోటికి నొక్కిపట్టి లక్కగాజు ఎక్కిస్తుంటే అమ్మ మొహంలో నొప్పి, ఆశ రెండూ ఉన్నాయి. చేతికి పని, కంటికి చూసేది ఉంటే మనిషి కెమెరాను మర్చిపోతాడని నాకు అక్కడే అర్థమైంది, ఆ తర్వాత వెనకాల ఏం కనిపిస్తుందని కాకుండా అక్కడ మావాళ్లు ఏం చేస్తారని ఆలోచించి చోట్లు ఎంచుకున్నాం.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ సంగీత గడియారం ఉంది కదా, గంట గంటకూ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టేది, దాని ముందు పావుగంట ముందే జనం చేరిపోతారు. అందరూ ఫోన్లు గడియారం వైపు పెడతారు. మీరు పక్కకు వెళ్లి జనం వైపు తిరగండి. నాన్న నోరు కొద్దిగా తెరుచుకుని, మేనల్లుడు బావ భుజం మీద నుంచి వంగి, మేనత్త పెదాలతో లెక్కపెడుతూ... అలాంటి మొహాలు అడిగితే రావు. మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు రెంటికీ శుక్రవారం సెలవు, గుర్తుపెట్టుకోండి. చౌమహల్లాలో దర్బారు హాలు షాండ్లియర్లు చూడ్డానికి గొప్పగా ఉంటాయి గానీ లోపల వెలుతురు తక్కువ, పిల్లలు కదిలితే చెదిరిపోతుంది. బయట నీళ్ల కొలను చుట్టూ ఉన్న ఆవరణలోనే మాకు పని జరిగింది, పరిగెత్తే పిల్లలు చెదరకుండా రావడానికి షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు పెట్టుకున్నాను.

గోల్కొండలో నాన్న మోకాళ్లకు దాదాపు 360 మెట్లు కుదరవు. ఆయన ఫతే దర్వాజా దగ్గర ఆగి చప్పట్లు కొడతానన్నారు, పిల్లలు కోట కొసన ఉన్న బాలా హిస్సార్‌లో వింటామన్నారు. సెలవుల్లో కింద అందరూ కొట్టేదే కాబట్టి పైకి ఎవరి చప్పట్లు వచ్చాయో తెలియలేదు, అయినా మేనకోడలు 'తాతయ్యవే' అని ఒట్టేసింది. పైన తీసినవాటి కంటే కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర తీసినవే బాగున్నాయి. అక్కడ తోట విశాలం, కూర్చునే చోటుంది, ఎవరూ తోయరు. గోల్కొండ మెట్ల బావులను బాగుచేసిన పనికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది, ఆ బావుల్లో ఒకటైన బడీ బావోలి ఇక్కడే ఉంది. ఊళ్లో రెండు బావులు దగ్గరుండి తవ్వించిన మనిషి మా నాన్న. గట్టు దగ్గర వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, రాయికీ రాయికీ మధ్య అతుకు చూస్తూ ఇరవై నిమిషాలు కదల్లేదు. ఇంకో సంగతి, మధ్యాహ్నం ఫోటోలు వద్దంటారు గానీ డిసెంబర్ చివర్లో ఇక్కడ పన్నెండింటికి కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, వేసవిలోలా కళ్ల కింద నల్లటి నీడలు పడవు. సాయంత్రం ఐదు నుంచి 5:45 వరకైతే చెప్పక్కర్లేదు.

ట్యాంక్‌బండ్ మీద 31 రాత్రి వద్దు, పిల్లల చేయి వదలకుండా చూసుకోవడమే సరిపోయింది. నుమాయిష్ మాత్రం తప్పకుండా వెళ్లండి. 1938లో మొదలైన ప్రదర్శన, ఇప్పుడు నాంపల్లి గ్రౌండ్స్‌లో జరుగుతుంది, మామూలుగా జనవరి 1న మొదలవుతుంది. మేం వెళ్లింది మొదటి రోజే కాబట్టి కొన్ని స్టాల్స్ ఇంకా సర్దుకుంటున్నాయి, జనం కూడా తట్టుకునేంతే ఉన్నారు. రంగు లైట్ల కింద మొహాలు ఎర్రగా, పచ్చగా వస్తాయి, అందుకని తెల్ల బల్బున్న శాలువాల స్టాల్ పక్కన నిలబడి తీశాను. అక్క, మా ఆవిడ ఒకే శాలువా రెండు కొసలు పట్టుకుని బేరమాడుతున్నది బాగా వచ్చింది.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన సంగతి. నేను కూడా ఫోటోలో ఉండాలని అక్క పట్టుబట్టి, క్యాండిడ్ ఫ్యామిలీ షూట్ అని, అంటే పోజులు లేకుండా సహజంగా తీసేదని, రెండు గంటలకు ఒక ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడింది. కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు. కానీ 'ఆంటీ, అంకుల్ చెవిలో ఏదో చెప్పండి, ఇప్పుడు నవ్వండి' అని రెండు గంటలూ అదే. నాన్న జీవితంలో అంత ఇబ్బంది పడటం నేను చూడలేదు. నాలుగు రోజుల తర్వాత ఫోటోలు వస్తే అందరి చర్మం నున్నగా, తెల్లగా చేసేశారు, అమ్మ గడ్డం మీద పుట్టుమచ్చ లేదు. నాకు నిజంగా కోపం వచ్చింది. చిన్నప్పుడు ఒళ్లో పడుకుని వేలు పెట్టి ఆడుకున్న మచ్చ అది. అడిగితే ఒరిజినల్స్ పంపారు, వాటిలో షూట్ అయిపోయిందనుకుని అందరం చెప్పులు వెతుక్కుంటున్న రెండు మంచివి ఉన్నాయి. మీరు ఎవరినైనా మాట్లాడుకుంటే డబ్బు ఇవ్వకముందే రెండు విషయాలు చెప్పండి: ఒరిజినల్స్ అన్నీ కావాలి, మొహాల మీద ఏ మార్పూ వద్దు. కుదిరితే వాళ్లనే మీ బసకు పిలిచి, వంట అవుతున్నప్పుడు తీయమనండి.

ఇంట్లో మేం ఒక మాట పెట్టుకున్నాం, ఎవరు తమ ఫోటో తీసేయమన్నా వెంటనే తీసేయాలి, ఎందుకని అడగకూడదు. మేనత్త తను తింటున్న ఫోటో ఒకటి తీసేయమంది. నాకు అది చాలా నచ్చింది, అయినా ఆవిడ ముందే డిలీట్ చేశాను. ఆ మర్నాటి నుంచి నేను కెమెరా తీస్తే ఆవిడ మొహం తిప్పుకోవడం మానేసింది, బఠాణీల ఫోటో కూడా ఆ తర్వాతదే.

ఊరికి వచ్చాక దాన్ని 8×12 సైజులో ప్రింట్ తీయించాం. స్టూడియో అతను కొద్దిగా టచప్ చేయనా అని అడిగితే అందరికంటే ముందు అమ్మే వద్దంది.