బాబర్ కిట్ రెండు వీకెండ్స్‌లో అయిపోద్దన్నారు, నాకు ఏడు నెలలు పట్టింది

ముందే చెప్పేస్తా, కిట్‌కి రెండు స్టార్లు, ఆ రెండూ సీటుకే. అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు, ఎందుకంటే రీఫండ్ పంచాయితీ ఇంకా తెగలేదు, పేరు రాస్తే దాన్నే సాకు చేసుకుని ఆ ఇచ్చేదేదో కూడా ఎగ్గొడతారు.

బండి మా నాన్నది. 1996 బుల్లెట్ స్టాండర్డ్ 350, కాస్ట్ ఐరన్ ఇంజను, గేరు కుడికాలికి బ్రేకు ఎడంకాలికి ఉండే పాత రకం. మూడేళ్ళ నుంచి కవరు కింద పడుంది, దాన్ని బాబర్, అంటే మడ్‌గార్డు కురచ చేసి ఒక్కరికే సీటు పెట్టిన బండిలా చేద్దామని నా సరదా. ట్యాంకు ముట్టుకోకపోతే నీ ఇష్టం అన్నాడు నాన్న. ఆన్‌లైన్‌లో వెతుకుతుంటే "చాసిస్ కోయక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు, ఇంట్లోనే బిగించుకోండి" అని ఈ కిట్ కనబడింది, 34,500. స్ప్రింగుల సింగిల్ సీటు, పొట్టి మడ్‌గార్డు, ఎత్తు హ్యాండిల్, వెనక 16 ఇంచుల రిమ్ము, దాని మీద 5.00 (ఐదు ఇంచుల వెడల్పు) టైరు, గాలికి కోన్ ఫిల్టరు, పొట్టి సైలెన్సరు, కొత్త వైరింగు. ఫోటోలు చూసి ఆగలేక ఆ రాత్రే ఆర్డర్ పెట్టేశా.

మొదటి దెబ్బ బోల్టుల దగ్గరే తగిలింది. ఈ పాత బుల్లెట్లలో కొన్ని మరలు ఇంచుల లెక్కలో ఉంటాయి కొన్ని ఎంఎం లెక్కలో ఉంటాయి, ఇంగ్లండ్ డిజైను కదా, అక్కడి మరలు చాలా ఏళ్ళు అలాగే వచ్చేశాయి. కిట్‌లో వచ్చినవన్నీ ఎం8, అంటే 8 ఎంఎం బోల్టులు. ఇంచుల్లో ఐదు బై పదహారు అంటే 7.94 ఎంఎం, కంటికి రెండూ ఒకటే, బోల్టు రెండు చుట్లు హాయిగా తిరిగి మూడో చుట్టుకి బిగుస్తుంది, మనం పాత పెయింటేమో అడ్డం వచ్చింది అనుకుని స్పానర్‌కి పైపు తగిలించి ఇంకాస్త లాగుతాం, అప్పుడు గట్టిగా ఉన్నది కాస్తా ఉన్నట్టుండి చేతిలో వెన్నలా తిరిగిపోద్ది. మర పోయింది అంతే. మడ్‌గార్డు దగ్గర రెండు, సీటు కింద ఒకటి అలా పోగొట్టా. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "సార్ మీరు ఓవర్ టైట్ చేశారు" అన్నాడు. కిట్‌తో ఇచ్చిన కాగితంలో మరల గురించి ఒక్క ముక్క లేదు, లోగో మాత్రం నాలుగు చోట్ల ఉంది.

తర్వాత టైరు. 5.00 టైరు ఎక్కించి చైన్ వేస్తే చైన్ పోయి టైరు పక్క గోడకి రుద్దుకుంటోంది, వేలు కాదు కదా కాగితం కూడా దూరట్లేదు. వాళ్ళు చెప్పిన ఉపాయం ఏంటంటే ముందు వెనక స్ప్రాకెట్లకి, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రాలకి, 6 ఎంఎం స్పేసర్లు (బయటికి జరిపే బిళ్ళలు) వేసుకోమని. ఈ బండికి ముందు స్ప్రాకెట్ ఎక్కడుంటుందో వాళ్ళకి తెలుసో లేదో మరి, క్లచ్ ఉండే ప్రైమరీ కేసు వెనకాల దాక్కుని ఉంటుంది, దాన్ని చూడాలంటేనే క్లచ్, ప్రైమరీ చైన్, లోపలి కేసు అన్నీ ఊడదీయాలి. ఊడదీశా కూడా. రెండు ఆదివారాలు దానికే పోయాయి. పోర్టికో నిండా ఆయిల్, అమ్మ ముగ్గు గేటు బయటికి మార్చేసింది.

ఇక్కడే ఆటోనగర్ లేతు బాబాయ్ గురించి చెప్పాలి, ఈ రివ్యూలో ఐదు స్టార్లు ఎవరికైనా ఇస్తే ఆయనకే. మన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల షెడ్ల వెనక సందులో చిన్న షాపు, బోర్డు కూడా లేదు. స్పేసర్లు తిప్పించుకుందామని వెళ్ళా. ఆయన స్ప్రాకెట్ చేతిలోకి తీసుకుని, నేను తీసిన ఫోటోలు కళ్ళజోడు పైకి లేపి చూసి, "టైరు చూసి కొన్నావా అబ్బాయ్, బండి చూసి కొన్నావా?" అన్నాడు. నేను నసిగా. 6 ఎంఎం బయటికి జరిపితే నట్టుకి పట్టు ఎన్ని మరలు మిగులుతాయో షాఫ్టు కొలతలు అడిగి లెక్కేసి చూపించాడు, "ఇది నేను చెయ్యను, ఇంకెవరితోనూ చేయించొద్దు" అని స్ప్రాకెట్ వెనక్కి ఇచ్చేశాడు. పని వద్దనుకుని డబ్బులు వదులుకునేవాడిని ఆటోనగర్‌లో చూడటం నాకదే ఫస్టు. పోయిన మూడు మరలకీ కన్నం పెద్దది చేసి బుష్షులు వేసి మళ్ళీ ఇంచు మరే కోసిచ్చాడు, మూడింటికీ కలిపి 900. నా పాత 19 ఇంచుల రిమ్ముకే కొత్త కమ్మీలు కట్టించి 3.50 టైరు వేసుకోమన్నాడు, అదే వేశా. అంటే కిట్‌లో ఖరీదైన ముక్క మూలకి పోయిందన్నమాట.

పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడికి కాల్చి పట్టించేది) తప్పు మాత్రం నాదే, వేరేవాళ్ళని అనలేను. చాసిస్ మొత్తం ఇచ్చేశా, ఏ చోట్ల టేపు వేయాలో చెప్పలేదు, కోటింగ్ వేసినవాడూ అడగలేదు. తీరా వచ్చాక చూస్తే హ్యాండిల్ బేరింగ్ కప్పులు కూర్చునే చోట కోటింగ్, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్షు దగ్గర కోటింగ్, అన్నిటికంటే ఘోరం చాసిస్ నంబరు మీద కూడా నున్నగా పూసేశాడు. ఈ బండికి ఆర్సీ రెన్యువల్ ఈ 2026లోనే ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి నంబరు చూపించు అంటే నల్లటి ఇనప ముక్క చూపించాలా? పెయింట్ రిమూవర్ పూసి, పళ్ళు తోముకునే బ్రష్షుతో రుద్ది, రెండు రోజులకి ఒక్కో అంకె బయటికొచ్చింది. చివరి అంకె కనబడ్డప్పుడు ఇంట్లో అందర్నీ పిలిచి చూపించా, ఎవరికీ ఏం అర్థం కాలేదు.

ఎత్తు హ్యాండిల్‌కి ఒక్క కేబులూ అందదు, కిట్‌లో పొడుగు కేబుళ్ళు ఇవ్వరు, కట్టించుకోవడానికి 1,100 అయింది.

వైరింగు సంగతి చెప్పకపోతే పాపం తగులుద్ది. ఫ్యూజు లేదు. సీటు కింద వైరు చాసిస్‌కి రాసుకుని పైన తొడుగు పోయి పొగ వచ్చింది, బ్యాటరీ వైరు పీకేసి బతికిపోయా. ఇంకోటి, క్లీన్ లుక్ పేరుతో ఆంపియర్ మీటరుకి కనెక్షనే ఇవ్వలేదు. ప్లగ్‌కి స్పార్క్ పుట్టించే ప్లాటినం పాయింట్ల బుల్లెట్ ఉన్నవాళ్ళకి ఇది ఎంత ఘోరమో తెలుస్తుంది. తాళం తిప్పి కిక్కరు మెల్లగా నొక్కుతూ పోతే ఒకచోట ఆ మీటరు ముల్లు మధ్యలోకి వస్తుంది, పాయింట్లు విడిపోయాయని దానర్థం, అక్కడ డీకంప్రెసర్ లీవర్ (ఇంజనులో ఒత్తిడి వదిలేది) పట్టుకుని కిక్కరు ఇంకొంచెం కిందకి దించి, లీవర్ వదిలేసి, అప్పుడు ఒక్క తొక్కు. ముల్లు చచ్చిపోయి ఉంటే ఇదంతా గుడ్డిగా చేయాలి. చేశా. కిక్కరు వెనక్కి తన్నింది, పాదం వాచి నాలుగు రోజులు ఆఫీసుకి చెప్పులతో వెళ్ళా. నాన్న ఏమీ అనలేదు, పాత వైరింగు అటక మీద నుంచి దించి స్టూలు మీద పెట్టి వెళ్ళిపోయాడు. అదే వేశా, ఒక ఫ్యూజు కలిపి.

కోన్ ఫిల్టరు, పొట్టి సైలెన్సరు కలిపి పెడితే గాలి ఎక్కువైపోయి, థ్రాటిల్ వదిలిన ప్రతిసారీ టపటపా పేలుతోంది, ప్లగ్ తీసి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కార్బొరేటర్‌లో 90 మెయిన్ జెట్ (పెట్రోలు వెళ్ళే సన్న కన్నం ముక్క, నంబరు పెరిగితే పెట్రోలు ఎక్కువ) తీసి 100 వేశా, చాల్లేదు, 110 వేశాక ప్లగ్ గోధుమరంగుకి వచ్చింది. ఆ జెట్లు కూడా నేనే కొనుక్కున్నా.

వాళ్ళ పేజీలో "ఆర్టీఓ అప్రూవ్డ్" అని రాసుంది, అది నమ్మొద్దు. ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తుంది, 2019 సవరణ తర్వాత ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 ఫైను, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఏ కాగితం మీద అప్రూవల్ ఉందో పంపించండి అని మూడుసార్లు మెయిల్ పెట్టా, మూడుసార్లూ "థాంక్యూ ఫర్ రీచింగ్ అవుట్" వచ్చింది. పొట్టి సైలెన్సరు తీసేసి పాతదే బిగించా, అది పెట్టాక 110 జెట్ ఎక్కువైంది, మళ్ళీ 100కి వచ్చా.

ఇప్పుడు బండి తిరుగుతోంది. కిట్‌లోది బండి మీద మిగిలింది సీటు, మడ్‌గార్డు, హ్యాండిల్, ఫిల్టరు, అంతే. సీటు మాత్రం నిజంగా బాగుంది, తోలు మంచిది, కుట్లు గట్టిగా ఉన్నాయి, గుంటూరు దాకా వెళ్ళొచ్చినా నడుం పట్టలేదు. సీటు ఒక్కటే విడిగా అమ్మితే కళ్ళు మూసుకుని కొనుక్కోండి. 16 ఇంచుల రిమ్ము, 5.00 టైరు రోడ్డెక్కనివి నా దగ్గరే ఉన్నాయి, వాళ్ళు వెనక్కి తీసుకోకపోతే అమ్మేస్తా, కావాల్సినవాళ్ళు మీ బండి స్వింగ్ ఆర్మ్ లోపలి కొలత తీసుకుని మెసేజ్ పెట్టండి, కొలత లేకుండా అడిగితే ఇవ్వను.